పసుపెక్కని తెలుపు కమిటీ

తలుపులకు వేసిన తెల్లరంగు పసుపెక్కడం కంటే మనిషికి మేలు చేసే సంగతి మరొకటి లేదు! నవ్వకండి. మా సాంతా ఎలోయిసా ఊళ్లో ఏడుగురు పెద్దమనుషులకు ఎనిమిది నెలలు చేతినిండా పని, వారానికోసారి వేడి కాఫీ, రెండేసి బన్నులు దొరికాయంటే ఆ పుణ్యం ఎవరిది? తెల్లరంగుది కాదూ?

మా ఊరి ఆసుపత్రి తలుపులకు రెండేళ్ల కిందట వేసింది సాదాసీదా రంగు కాదు. 'ఎన్నటికీ పసుపెక్కదు' అని డబ్బా మీద అచ్చేసి ఉన్న రంగు. ఈ మార్చి వచ్చేసరికి తలుపులన్నీ వెన్నముద్దల్లా తయారయ్యాయి. డైరెక్టర్ అనీబల్ గారు కలత చెందారు. ఎక్స్‌రే మిషన్ ఏడాదిగా పడకేసినా చెక్కుచెదరని మనిషి, తలుపులు చూసి చలించిపోయారు! వెంటనే కమిటీ వేశారు. ముప్పయ్యేళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను కనుక నన్ను కార్యదర్శిని చేశారు. రంగుల సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

కొట్లో పదకొండు తెలుపులు ఉన్నాయి. మంచు తెలుపు, పాల తెలుపు, ఎముక తెలుపు, పెళ్లికూతురి తెలుపు... ఆసుపత్రికి ఎముక తెలుపు అపశకునమని ఒకరు, పెళ్లికూతురి తెలుపు వేస్తే రోగులకు లేనిపోని ఆశలు పుడతాయని మరొకరు. రెండు మీటింగులు అలాగే గడిచాయి. 

మూడోదానికి పెయింటర్ వాల్దెమార్‌ను పిలిచాం. చేతిలో మాతే ఆకుల కషాయం కప్పు, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కుతో వచ్చాడు.

"అయ్యా, నూనెరంగు చీకట్లో ఉంటే పసుపెక్కి తీరుతుంది. డబ్బా మీద ఏం రాసుంటే ఏం లాభం? నీళ్లతో కలిపే రంగు కొనివ్వండి, ఎల్లుండికల్లా తలుపులన్నీ వేసి పారేస్తా," అన్నాడు.

ఎల్లుండికా! ఎల్లుండికే పని అయిపోతే ఇక కమిటీ ఎందుకు? అతన్ని మర్యాదగా సాగనంపి, శాస్త్రీయంగా పరీక్షించాలని తీర్మానించాం. ఒక తలుపు లోపలివైపు ఐదు రంగులు పట్టీలుగా వేయాలి. నాలుగు నూనెవి, ఒకటి నీళ్లది. ఆరు నెలలు చీకట్లో ఉంచాలి. ఏ తలుపు? కంటి డాక్టరు గది తలుపు! ఆయన రాజధాని మాంటెవిడియో నుంచి నెలకోసారి, మొదటి మంగళవారం మాత్రమే వస్తాడు కదా. కిటికీలకు నల్లకాగితం అంటించి, తాళం వేసి, 'పరీక్ష జరుగుతోంది, తెరవరాదు' అని నేనే అందమైన అక్షరాలతో బోర్డు రాశాను.

ఏప్రిల్‌లో డాక్టరు బస్సు దిగి వచ్చాడు. బోర్డు చదివాడు. రిజిస్టర్‌లో సంతకం పెట్టి అదే బస్సులో వెళ్లిపోయాడు. మే నుంచి ఫోన్ చేసేవాడు: "అయిందా మీ టెస్టు? కాలేదా? పర్లేదు, నిదానంగా కానివ్వండి." ఎంత సహకారం!

సహకరించనిది ఎర్సీలియా ఒక్కతే. బడిపిల్లలు వేసుకునే తెల్లటి పైఅంగీలు యాభయ్యేళ్లుగా కుడుతున్న ముసలావిడ. రెండు కళ్లకూ శుక్లాలు. ప్రతి మొదటి మంగళవారం వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేది.

"ఏమే నెలీదా, ఇవాళైనా దిగుతాడా ఆ మహానుభావుడు?" అని నర్సును అడిగేది.

"రంగు టెస్టు అవ్వలేదవ్వా. ఆర్నెల్లు ఉంచాలంట."

"ఆర్నెల్లా? అది రంగా, మాగబెట్టే చీజా?"

ఆగస్టులో ఆమె ఒకటో తరగతి పిల్ల అంగీకి తెల్లగుడ్డ అనుకుని మీగడరంగు గుడ్డతో కాలరు కుట్టింది. క్లాసంతా నవ్వింది. పిల్ల తల్లి ఆ అంగీని తెచ్చి ఎర్సీలియా గుమ్మంలో పెట్టి వెళ్లింది. మర్నాడు ఎర్సీలియా కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది.

సెప్టెంబర్ చివర పరీక్ష ముగిసింది. ఎవరు తీర్పు చెప్పాలి? "తెలుపు గురించి ఎర్సీలియాకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అన్నారు డైరెక్టర్ గారు. ఆమెను చెయ్యి పట్టి తీసుకొచ్చి, తాళం తీసి, లైటు వేశాం. ఆమె ముక్కు తగిలేంత దగ్గరగా వంగి ఒక్కో పట్టీ చూసింది.

"అన్నీ ఒకటే బాబూ. పాత వెన్న."

"విన్నారా! ఐదూ ఫెయిల్! రాయండి!" అన్నారు డైరెక్టర్ గారు.

నాలుగు నూనెరంగులు పసుపెక్కిన మాట నిజమే. ఐదోది, వాల్దెమార్ చెప్పినది, పాలనురగలా మెరుస్తోంది. అది నాకు కనబడింది. మిగతా ఆరుగురికీ కనబడింది. కానీ నిజం రాస్తే కమిటీ ఆ పూటతో రద్దు కాదా? 'ఐదు రంగులూ పసుపెక్కినవి. మరో ఆరు నెలలు పరీక్షించవలెను' అని రాశాను. ఆమెకు కృతజ్ఞతలు తెలుపుతూ ఒక వాక్యం కూడా చేర్చాను. మర్యాద ముఖ్యం కదా!

సంగతి వాల్దెమార్ చెవిన పడింది. "లే అవ్వా, బండెక్కు. వీళ్లతో అయ్యేది కాదు," అని నిచ్చెనలు, డబ్బాలు ఉన్న వ్యానులోనే ఆమెను మూడు గంటల దూరంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కుడికంటికి ఆపరేషన్ అయింది.

నవంబర్ మొదటి మంగళవారం జరిగిన మీటింగుకు ఎర్సీలియా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వచ్చింది. డైరెక్టర్ గారు నోరు తెరిచేలోపే నెలీదా తాళం తీసేసింది. ఎర్సీలియా ఐదో పట్టీ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నావైపు తిరిగింది.

"మాస్టారూ, ఇది తెలుపేనా?"

"తెలుపేనమ్మా."

"ఆ రోజు కూడానా?"

 

ఆమె రిజిస్టర్‌ను నా ముందుకు జరిపింది. "ఆ ముక్క కొట్టేసి, నేను చెప్పింది రాయండి. ఐదోది తెలుపే. పసుపు ఈ ముసలిదాని కంట్లో ఉంది. అది మీ ఏడుగురికీ తెలుసు. ఊఁ, రాయండి."

రాశాను. డైరెక్టర్ గారు సంతకం పెట్టలేదు. ఆ మూడు వాక్యాలను పరిశీలించడానికి అక్కడికక్కడే ఉపకమిటీ వేశారు. నన్ను అందులోకి తీసుకోలేదు.

ఎర్సీలియా అప్పటికే కిటికీ మీది నల్లకాగితం చింపేస్తోంది. "నెలీదా, డాక్టరుకు ఫోన్ కొట్టు. గది ఖాళీ అయిందని చెప్పు. బయట బల్ల మీద పద్నాలుగు మంది ఉన్నారని చెప్పు. నేనే లెక్కపెట్టా. ఇప్పుడు నాకు కనిపిస్తున్నారు."