దొరసాని గుమ్మానికి కాగితపు కాకి

రామచంద్రయ్య కట్టిన పొట్లాన్ని ఎడ్లబండి మీద నుంచి కింద పడేసినా పప్పుగింజ బయటికి రాదని కవితాళ బజారులో పేరు. ఈ మాట మొదట అన్నది రామచంద్రయ్యే అయినా, ఊరు కాదనలేదు. దారం అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, నాలుగు మడతలు, ఒక నొక్కు. ఇంతటి చేతికి దేవుడు బెల్లం, చింతపండు తప్ప మరో పని చూపలేదే అన్నదొక్కటే ఆయన దిగులు. ఆ సోమవారం పొద్దున కూడా, మర్నాటి సంతకు వంద పొట్లాలు కట్టి పెట్టుకుందామని కొట్టు తెరిచాడు.

మొదటి పొట్లం పూర్తికాకముందే అమెరికా దొరసాని ఎలెన్ సైకిలు దిగింది. కొత్త రకం విత్తనాల సంగతి రైతులకు చెప్పడానికి వచ్చిన పీటర్ దొర భార్య ఆమె. కాలువ గట్టున, కాలువ నీళ్ళు చూసి వలస వచ్చిన ఆంధ్రా రైతుల క్యాంపు పక్కనే ఇల్లు. ఆమె చేతిలో ఒక బొమ్మల పుస్తకం, నల్ల కాగితంతో మడిచిన ఒక పిట్ట ఉన్నాయి. ఆ పిట్ట తొక్కిన వంకాయలా ఉంది.

“నాకు చెయ్యడం రాదు. మీ చెయ్యి బాగుంది” అన్నది దొరసాని వచ్చీ రాని తెలుగులో. “ఇవాళ సాయంత్రం మా పండుగ. చచ్చిపోయినవాళ్ళు ఇంటికి వస్తారు. నల్ల పిట్టను గుమ్మానికి కడతాము. వచ్చినవాళ్ళకు తీపి పెడతాము.”

చచ్చిపోయినవాళ్ళు, నల్ల పిట్ట, తినడానికి పెట్టడం! ఇంకా విడమరచి చెప్పాలా? మొన్ననే పెద్దల అమావాస్యకు దొడ్డి గోడ మీద ముద్ద పెట్టి, కాకి కోసం రెండు గంటలు ఎదురుచూసిన మనిషి రామచంద్రయ్య. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

“వాళ్ళ దేశంల కాకులు ఉండయి గావచ్చు, పాపం” అనుకుని, “అమ్మా, నువ్వు బేఫికర్‌గ పో. నేనే తెచ్చి కడత. మీ పెద్దలు మురిసిపోవాలె” అని మాట ఇచ్చాడు.

దొరసానికి సగమే అర్థమైంది. అయినా సంబరపడి, “ఐదు గంటలకు అందరూ రండి!” అని వెళ్ళిపోయింది.

రామచంద్రయ్య ఇక పొట్లాల జోలికి పోలేదు. సూదులు చుట్టి వచ్చే నల్ల కాగితాలన్నీ పోగుచేసి, మైదా గంజితో అతికించి, మూరెడు కాకిని మడిచాడు. పుస్తకంలో ముక్కూ తోకా మాత్రమే ఉన్నాయి. ఈయన మెడ కింద ఈకలు కూడా లేపాడు. నోరు కొంచెం తెరిచి పెట్టాడు. దూరం నుంచి చూశాడు, దగ్గరి నుంచి చూశాడు, మళ్ళీ దూరం నుంచి చూశాడు.

“కాకిపిల్ల కాకికి ముద్దు” అన్నది భార్య ఆండాళ్. “పొద్దటిసంది ఒక్క పొట్లం గట్టలే.”

“నవ్వకు. అమెరికోళ్ళ పెద్దలకు కాకిని చేసిచ్చినోడు రాయచూరు జిల్లాల ఎవడన్న ఉన్నడా?”

“అది సరే, ఇంతకు పోయిందెవరంట?”

“గదెట్ల అడుగుతరే?”

అప్పుడే కాఫీపొడి కోసం క్యాంపు నుంచి పున్నమ్మ వచ్చింది. గల్లాపెట్టె మీది కాకిని చూసి “హుష్!” అని కొంగు విసిరింది. రామచంద్రయ్య జన్మ ధన్యమైంది. ఆండాళ్ సంగతంతా చెప్పగానే పున్నమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“అయ్యో వదినా! నాలుగు రోజుల్నించీ ఆ దొర కనపట్టంలా! కొత్తగా పోయినోళ్ళకేగా ఇంత హడావుడి?”

ఇక చెప్పేదేముంది! మధ్యాహ్నానికి దొర జ్వరంతో పోయాడు. రెండింటికి పాము కరిచింది. మూడింటికి కాలువలో పడ్డాడు. ప్రతిసారీ చివర్న, “దొరసాని కాకిని చెయ్యమని అడిగింది రామచంద్రయ్యనేనంట” అని కూడా అన్నారు. నిజానికి ఆయన అప్పుడే ‘నాకు తెల్వదు’ అనవలసింది. కానీ ఆ చివరి మాట వింటుంటే నోరు రాలేదు.

ఐదు గంటలకు నలభై మంది బయలుదేరారు. ముందు పళ్ళెంలో కాకితో రామచంద్రయ్య, వెనుక బియ్యమూ అరటికాయలూ పట్టుకుని పున్నమ్మ, తల మీద తువ్వాలు వేసుకుని ఆమె మొగుడు యలమందయ్య. దొరసాని గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఒంటి నిండా నల్ల బట్టలు, మొహం నిండా మసి.

“మతి చలించింది తల్లికి!” అంటూ పున్నమ్మ ఆమెను కావలించుకుని గొల్లుమన్నది. వీళ్ళు తన పండుగకు ఎంత బాగా కలిసొచ్చారో అని దొరసాని మురిసిపోయి, తానూ “ఊఊ” అని ఊళ పెట్టింది. అది చూసి మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. రామచంద్రయ్య స్టూలెక్కి కాకిని కట్టాడు.

అంతలో తలుపు తెరుచుకుని, తెల్ల దుప్పటి కప్పుకున్న ఆరడుగుల ఆకారం చేతులు చాచుకుని బయటికి వచ్చింది. దుప్పటికి కళ్ళ దగ్గర రెండు బెజ్జాలు, కింద దొర బూట్లు.

“దొరోయ్!” అని ఎవరో అరిచారు. క్షణంలో వాకిలి ఖాళీ. యలమందయ్య నేరుగా కాలువలోకి దూకాడు. స్టూలు మీది రామచంద్రయ్య ఒక్కడే మిగిలాడు. చేతులు జోడించి, “దొరా, కాకి మంచిగనే కుదిరిందా?” అని అడిగాడు.

దొర దుప్పటి తీసి పకపకా నవ్వాడు. చచ్చినవాళ్ళ వేషాలు వేసి జడిపించడమే వాళ్ళ పండుగట. బెంగళూరు వెళ్ళి మధ్యాహ్నం బస్సుకే వచ్చాడట.

జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. యలమందయ్య బొట్టుబొట్టుగా కారుతూ వచ్చాడు.

“బతికున్న మనిషికి కాకిని కడతావా శెట్టీ! ఇక నీ కొట్టు గడప తొక్కితే ఒట్టు! క్యాంపులో ఏ ఒక్కర్నీ తొక్కనివ్వను!”

క్యాంపు రాకపోతే కొట్టు లేదు. అంతకన్నా, ఆ చేతికున్న పేరు పోయినట్టే. రామచంద్రయ్య తల వంచుకుని కాకిని విప్పబోయాడు. ముడి ఒకవైపే ఊడి, కాకి తలకిందులుగా వేలాడింది.

కావుమని గోడ మీద ఒక కాకి వాలింది. ఆ వెనుక పది. చచ్చిన కాకి కనబడితే కాకులు ఊరుకుంటాయా? గట్టు మీద ఉన్నవన్నీ వచ్చి, తమవాడే పోయాడన్నట్టు ఇల్లు చుట్టుముట్టి ఒకటే గోల. ఆ దెబ్బకు పక్కనున్న యలమందయ్య వరిచేలోంచి పిచ్చుకల గుంపు గుంపంతా లేచి పారిపోయింది. పాలు పోసుకుంటున్న ఆ కంకుల మీద నుంచి వాటిని లేపలేక, పది రోజులుగా వడిసెల తిప్పి తిప్పి ఆయన భుజం పడిపోయింది.

యలమందయ్య చేను వైపు చూశాడు, కాకి వైపు చూశాడు. పంచె పిండుకున్నాడు.

“శెట్టిగారూ, ఇట్టాంటియ్యి ఇంకో ఆరు అవుతయ్యా?”

రామచంద్రయ్య ఛాతీ విరుచుకున్నాడు. మనుషుల మాట ఎలా ఉన్నా, కాకులే నమ్మాయి! అంత గర్వం ఆయనకు పెళ్ళినాడు కూడా కలగలేదు. స్టూలు దిగకుండానే అన్నాడు:

“ఆరెందుకు, పది చేస్త. గని ఊరూర చెప్పాలె, చేసింది ఈ రామచంద్రయ్య అని. ముందుగాల పక్కూరు మల్లట్‌ల చెప్పు.”

యలమందయ్య తడి పంచెతోనే మల్లట్ వెళ్ళాడు. అక్కడ అప్పటికే దొర దినానికి విస్తళ్ళు కుడుతున్నారు.