గురువారం మాత్ర

తొమ్మిదింటికల్లా అత్తగారిని రక్తపరీక్షకు తీసుకెళ్ళాలి, పదిన్నరకు తిరిగొచ్చి తడి దుప్పట్లు ఆరేయాలి. ఆ గురువారం పొద్దున కోడలు వేసుకున్న పథకం అంతే.

అత్తగారికి మోచేతుల మీదా మోకాళ్ళ మీదా సోరియాసిస్. పోయిన వారం డాక్టరమ్మ కొత్త మాత్ర రాసింది. వారానికి ఒక్కటే, గురువారం నాడు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని రెండుసార్లు హెచ్చరించింది. దాంతో మామగారు, కొడుకు, కోడలు ముగ్గురూ హడలిపోయారు. మిగతా ఇద్దరికీ మతిమరుపు కాబట్టి ఈ బాధ్యత తనదేనని ఎవరికి వారు లోలోపల తీర్మానించుకున్నారు.

ఎనిమిదింటికి కోడలు అత్తగారి చేతిలో మాత్ర పెట్టి, మంచినీళ్ళిచ్చి, దుప్పట్ల సంగతి చూడబోయింది. వచ్చేసరికి అత్తగారు స్నానాలగదిలో ఉన్నారు. ఆసుపత్రిలో చూపిద్దామని మాత్రల షీటు సంచిలో పెడుతూ కోడలు అలవాటుగా లెక్కపెట్టింది. పదిలో ఒకటి తీస్తే తొమ్మిదుండాలి. ఏడే ఉన్నాయి.

హాల్లోకి వచ్చి ఎవరైనా తీశారా అని అడిగింది. మామగారు పేపరు దించకుండానే, ఆరింటికే తన చేత్తో ఇచ్చానని గర్వంగా చెప్పారు. షూ లేసు కడుతున్న కొడుకు తలెత్తాడు. ఏడింటికి ఫోనులో అలారం మోగగానే అతనూ ఇచ్చాడు.

"అంటే మూడు వారాల మందు ఒక్క పూటలో వేసేశామా?" అంది కోడలు.

మందుల షాపాయనకు ఫోను చేస్తే, ఏమైనా అవుతుందేమోనని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. కొడుకు అంబులెన్సును పిలిచాడు. మామగారు స్నానాలగది తలుపు బాదారు. లోపల గుండ్రటి పిడి కదులుతున్న చప్పుడు వస్తోంది గానీ తలుపు రావడం లేదు. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోయింది.

"ఏమేవ్, పలకవే," అన్నారు మామగారు.

లోపల కుళాయి హోరు తప్ప ఏమీ వినిపించలేదు. కొడుకు స్క్రూడ్రైవరు తెచ్చి పిడి ఊడదీశాడు. ఈ గొడవకు పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు, వాళ్ళ వెనకే అంబులెన్సు మనిషి. తలుపు తెరుచుకుంది. లేపనంతో మోచేతులు నిగనిగలాడుతుండగా అత్తగారు నిలబడి ఉన్నారు.

"చేతులకు జిడ్డు. పిడి జారిపోతోంది. కడుక్కుందామని కుళాయి తిప్పాను," అన్నారావిడ, గుమ్మంలో జనాన్ని చూసి చిన్నబోతూ.

కొడుకు గబగబా సంగతి చెప్పాడు. నలభై ఏళ్ళు దర్జీపని చేసిన ఆవిడ తన నైటీలన్నిటికీ జేబులు కుట్టుకుంటారు. చేతులు తుడుచుకుని జేబులోంచి ఒక గుడ్డపేలిక తీసి విప్పారు. మూడు మాత్రలు.

"రక్తపరీక్ష రిపోర్టు చూశాకే మొదలుపెట్టాలని డాక్టరమ్మ నాతో చెప్పింది. మీరు ముగ్గురూ అప్పుడు కారు ఎక్కడ పెట్టామా అని పోట్లాడుకుంటున్నారు."

"మరి పొద్దున్నే చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

"చెప్పబోయానమ్మా. ముందు మాత్ర వేసుకో, తరవాత మాట్లాడుదువుగాని అన్నారు మీ మామయ్య. మీ ఆయనా అదే అన్నాడు. నువ్వు కాస్త మర్యాదగా అన్నావు."

మామగారు అక్కడే కుర్చీలో కూలబడ్డారు. వచ్చినందుకు అంబులెన్సు మనిషి ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. కాస్త ఎక్కువగానే ఉంది. రోజూ వేసుకునే మాత్ర వేసుకున్నారా అని అడిగాడు. మామగారు భార్య వంక చూశారు. అలారం, బాధ్యత, లెక్కల హడావిడిలో ఆయన మాత్ర ఎవరికీ గుర్తులేదు.

అత్తగారు రెండో జేబులో చెయ్యి పెట్టి, రేకుతో సహా కత్తిరించి ఉంచిన బీపీ మాత్ర తీశారు.

"ఆరింటికి మీకిది ఇద్దామనే వచ్చాను."

"అది కాదే..." అని మొదలుపెట్టారాయన.

"ముందు మాత్ర వేసుకోండి. తరవాత మాట్లాడుదురుగాని."

మామగారు వేసుకున్నారు. తరవాత కూడా ఏమీ మాట్లాడలేదు.