పచ్చిక బయలును కాపాడిన దున్నలు

ఒక పెద్ద అడవిలో, ఆ నారాయణుడి దయవల్ల, ఒక పచ్చిక బయలుండేదమ్మా. వెనక కూర్చున్న తల్లులు కాస్త ముందుకు జరగండి, మీరూ వినాల్సిన కథే. ఎండలకి అడవంతా మాడిపోయినా ఆ బయలు మాత్రం పచ్చగా ఉండేది. వాగు అవతలి అడవిలోని మనుబోతులు దానివంక చూస్తూ లొట్టలు వేసేవి.

అందుకని ఇవతలివాళ్లు అడవిదున్నలతో ఒక సైన్యం పెట్టుకున్నారు. సైన్యానికి జీతం గడ్డే. బయల్లో సైన్యానికి ఎంత, ప్రజలకి ఎంత అన్నది ఏటా వేసవికి ముందు సభలో తేల్చేవారు.

సభ్యులంతా తొండలు. తల ఊపితే ఒప్పుకున్నట్టు. తొండని భగవంతుడు తల ఊపే జీవిగానే పుట్టించాడు కదా! అంత ఏకాభిప్రాయం ఉన్న సభ మరే అడవిలోనూ లేదని అందరూ గర్వంగా చెప్పుకునేవారు.

రాజు సింహం. ఆయన గడ్డి తినడు గనక గడ్డి విషయంలో మహా ఉదారుడు.

ఆ ఏడు సభలో సేనాపతి వజ్రశృంగుడు లేచాడు. "మహారాజా, మనుబోతులు అవతలి ఒడ్డున కొమ్ములు నూరుతున్నాయి. పోయినేడు మాకు సగం బయలిచ్చారు. ఈసారి మొత్తం కావాలి."

చుక్కమ్మ అనే జింక ముందుకొచ్చింది. కాళ్లు ఇంకా నిలదొక్కుకోని పిల్ల ఒకటి దాన్ని ఆనుకుని ఉంది.

"బాబూ, నేను పచ్చి బాలింతను. గడ్డి లేకపోతే పాలు పడవు. మొత్తం మీరే మేస్తే నా బిడ్డ ఏం కావాలి?"

"పిచ్చిదానా, మేం మేసేది నీ బిడ్డ కోసమే. శత్రువొచ్చి గడ్డంతా మేసేస్తే దాని గతేమిటి?"

"మీరు మేసేసినా అదే గతి కదయ్యా!"

"విన్నారా మహారాజా! మననీ శత్రువునీ ఒకే గాట కడుతోంది."

"దీనికి వాగు అవతల చుట్టాలున్నారేమో కనుక్కోండి!" అని ఒక తొండ అరిచింది. సభ గొల్లుమంది.

"పోనీ, వాగు పక్క ఆ ఒక్క మూలైనా వదిలెయ్యండి సామీ," అంది చుక్కమ్మ.

తొండలన్నీ తలలూపాయి. చుక్కమ్మ కళ్లు మెరిశాయి.

"అది సానుభూతి," అన్నాడు రాజు. "ఇప్పుడు సేనాపతిగారి మాటకి ఊపండి."

తొండలన్నీ తలలూపాయి.

"ఇది అంగీకారం," అన్నాడు రాజు.

దున్నలు మేశాయి. దేశభక్తితో మేశాయి. వాగు పక్క మూలని మరింత జాగ్రత్తగా మేశాయి, సరిహద్దు కదా! చుక్కమ్మ ఎండుటాకులు నమిలింది. పాలు ఇగిరిపోయాయి. పిల్ల లేవబోయి, లేవలేక, మళ్లీ పడుకునేది.

ఒకనాటి పొద్దున్నే మనుబోతులు వాగు దాటి రానే వచ్చాయి. దున్నలు పైకి లేవబోయాయి. పొట్టలు లేవనివ్వలేదు.

మనుబోతుల పెద్ద ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. అంతా ఎర్రమట్టే. గడ్డిపరక అన్నది లేదు.

"ఏమిట్రా ఇది? దీనికోసమా ఇంతమందిమి తడిసి వచ్చాం?" అని విసుక్కుని వెనక్కి తిరిగాడు.

చుక్కమ్మ అడ్డం వెళ్లింది. "అన్నా, మీ వైపు గడ్డుందా?"

"ఉందిలే అమ్మా, ముతక గడ్డి. పిల్లదాన్ని తీసుకుని రా."

చుక్కమ్మ పిల్లని మూతితో నెట్టుకుంటూ, ఆపుకుంటూ, శత్రుసేన వెనకాలే వాగు దాటింది. ఒక్కసారి గోవిందా అనండి తల్లీ, బిడ్డ బతికింది.

ఇవతల మళ్లీ సభ కూడింది. సేనాపతి పడుకునే మాట్లాడాడు.

"మహారాజా, కొమ్ము కదపకుండా శత్రువుని తిప్పి పంపాం. మన నష్టం ఒక జింక, ఒక పిల్ల. ముప్పు ఇంకా పోలేదు. వచ్చే ఏడు మా వాటా పెంచాలి."

"పెంచడానికి బయల్లో ఏముందయ్యా?" అన్నాడు రాజు, మొదటిసారి అటు చూసి.

"అవతలి ఒడ్డున ముతక గడ్డి ఉందట, మహారాజా."

తొండలన్నీ తలలూపాయి.

కాబట్టి నాయనలారా, శత్రువు మన జోలికి రాకూడదంటే, వాడు ఆశపడేదేదీ మన దగ్గర మిగలకుండా మన సైన్యాన్నే తినెయ్యమనాలి.