నాగరాణి దరఖాస్తు వెనక్కి తీసుకున్న విధము

ఎర్రగట్టుగూడెం ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గొర్ల బీరన్న కూతురు నాగరాణి పోలీసు ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసుకోదలచింది. ఈ సంగతి పంచాయతీ మైకులో చెప్పలేదు. అయినా గంటలోపే ఊరంతా పాకింది. ఇద్దరు పెద్దమనుషులకు బీపీ పెరిగింది. ఒకాయన ఆర్‌ఎంపీని పిలిపించుకున్నాడు కూడా.

పానగల్ దాటి కొంతదూరం పోతే వచ్చే ఈ ఊరి నుంచి పోలీసు స్టేషన్ మెట్లెక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. ఉద్యోగం కోసం ఎక్కబోయింది మాత్రం నాగరాణి ఒక్కతే. ఆమె ప్రిలిమ్స్ పాసైన వారానికి సర్పంచ్ విజేందర్ తన మోటారు సైకిలు ముందు అద్దం మీద ఎరుపు నీలం రంగుల్లో ‘పోలీస్’ అన్న స్టిక్కర్ అతికించుకున్నాడు. ఊరి వరసకు ఆమె తనకు చెల్లెలవుతుందని ఆయన అప్పుడే కనుక్కున్నాడు.

ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆమె నెగ్గేసరికి ఊళ్లో చుట్టరికాలు మరింత చిక్కబడ్డాయి. అన్నల వరసైనవాళ్లు, బావల వరసైనవాళ్లు, ఏ వరసా కుదరక ‘మా ఊరి పిల్ల’ అన్నవాళ్లు, అందరూ తేలారు. మొత్తం నలభైమూడు బండ్లకు స్టిక్కర్లు పడ్డాయి. గొర్లను సంతకు తోలే ట్రాలీ ఆటో అదనం. ఆనాటి నుంచి నల్గొండ రోడ్డు మీద వాళ్లను ఆపినవాడు లేడు. హెల్మెట్లతో పని లేకపోయింది గనుక వాటిలో కోళ్లను పొదగేశారు. ఊళ్లో కోళ్ల సంఖ్య గణనీయంగా పెరిగిందని పశువుల డాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

నాగరాణి స్కూటీకి మాత్రం స్టిక్కర్ లేదు. ‘ఉద్యోగమే రాలేదు గదా, అబద్ధమెందుకు’ అన్నది. చదువుకున్న పిల్లల్లో ఇటువంటి మొండితనం అక్కడక్కడా కనబడుతుంది. పెద్దలు క్షమించాలి.

బస్టాపు దగ్గర ఫ్లెక్సీ కూడా లేచింది. ఫ్లెక్సీల దుకాణంలో కానిస్టేబుల్ డ్రెస్సు బొమ్మ దొరకలేదట. ఉన్నది ఎస్సై డ్రెస్సే. దానికే నాగరాణి తల అతికించారు. రెండు నక్షత్రాలు ఉచితంగా వచ్చాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు బీరన్నకు వచ్చింది. ముప్పై ఏండ్లుగా ఆయన గొర్లు ఎవరి చేన్లో మూతి పెట్టినా ఆయన అమ్మనూ ఆలినీ కలిపి తిట్టేవారు. ఇప్పుడు సాక్షాత్తు సర్పంచ్ కందిచేన్లో మంద పడ్డా, “మేస్తే మేసినయి తియ్ బీరన్నా, మూగజీవాలు” అంటున్నారు. హోటల్లో బెంచీ మీద జాగా ఇస్తున్నారు. మొదటి నెలంతా బీరన్న ఆ బెంచీ అంచునే కూర్చున్నాడు, ఎవరైనా వస్తే లేవడానికి వీలుగా. తర్వాత తర్వాత వెనక్కి జరిగాడు. అది చూసి నాగరాణికి ప్రాణం లేచి వచ్చింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆమె చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. పోలీసు దరఖాస్తు ఆమె బ్యాచ్ మొత్తం పెట్టింది, ఆమె కూడా ఆ వరుసలో నిలబడింది. ఈలోగా జడ్చర్లలో ఒక మందుల కంపెనీవాళ్లు ల్యాబులో ఉద్యోగం ఇస్తామన్నారు. ఒకటే షరతు. ట్రైనింగుకు పిలుపు రాగానే పని వదిలి పరుగెత్తేవాళ్లతో వేసారిపోయామని, దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టు ముద్ర పడిన కాగితం సోమవారంలోగా తెమ్మన్నారు.

ఊరు ఊరకే ఉంటుందా? పంచాయతీ ఆఫీసు ముందర మీటింగు పెట్టింది. విజేందర్ గొంతు సవరించుకున్నాడు.

“చెల్లె నాగరాణీ! నీ దరఖాస్తు నీ ఒక్కదానిదే అనుకుంటున్నవు. కాదు. అది బోరింగు లెక్క, ఊరుమ్మడి ఆస్తి. ఒక ఆడపిల్ల తన స్వార్థానికి నలభైమూడు బండ్ల భవిష్యత్తును రోడ్డు మీద పడేస్తే చరిత్ర క్షమించదు. నిన్ను ఉద్యోగం చెయ్యమని మేం అంటలేం. దరఖాస్తు మాత్రం గట్లనే ఉండనీ. రిజల్టు వచ్చేటాళ్లకు ఏడాది పడ్తది. ఎవడన్న కోర్టుకు పోతే నాలుగేండ్లు. దేవుని దయ ఉంటే కేసు పడ్తది!”

చప్పట్లు మోగాయి. ట్రాలీ ఆటో యజమాని కండ్లు తుడుచుకున్నాడు.

నాగరాణి ఆ మాటలు సగమే విన్నది. ఆమె చూపంతా తండ్రి మీదే ఉంది. ఇంటికి వస్తూ దారిలో అనేసింది.

“నాయినా, నీ బెంచీ పోతది.”

“పోతే పోనీ బిడ్డా. ముప్పై ఏండ్లు నిలవడే తాగిన గద చాయ్. కూసుంటెనే నడుము నొస్తాంది.” బీరన్న నవ్వాడు. “గా ల్యాబుల నీకేం పని?”

“మందు మంచిగున్నదా లేదా సూసుడు. గాజు గొట్టంల నుంచి ఒక్కొక్క చుక్క ఇడుస్తుంటం. ఏం కాదు, ఏం కాదు. ఒక్క చుక్కకు మొత్తం రంగు మారుతది నాయినా!”

“గా చుక్క కోసం పోతవా?”

“అవ్.”

“మరి పో. ఊరి మాటకు ఫికర్ జెయ్యకు.”

నాగరాణికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

ఇక దరఖాస్తు వెనక్కి తీసుకొనుట. నల్గొండ కాలేజీలో ఆమెకు కెమిస్ట్రీ చెప్పిన నిషాత్ మేడం ఉత్తరం రాసిపెట్టింది. నాలుగే వాక్యాలు. అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు, మరొక ఉద్యోగం వచ్చినందున నా అభ్యర్థిత్వాన్ని ఉపసంహరించుకుంటున్నాను, నా స్థానం మరొకరికి ఉపయోగపడాలని కోరుకుంటున్నాను, ఇట్లు భవదీయురాలు. అంత చక్కని ఉత్తరం చూసి నాగరాణి రెండు జిరాక్సులు తీయించింది.

ఆమె తీసుకుపోయిన కార్యాలయం పేరు చెప్పడం మర్యాద కాదు. అక్కడి సీనియర్ అసిస్టెంటు గారు ఉత్తరాన్ని ముందూ వెనకా చదివారు. వెలుతురుకు పట్టి చూశారు. ఇరవై ఆరేండ్ల సర్వీసులో ఆయన బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితమూ ఏదో ఒకటి అడుక్కునేది, లేదా ఎవరో ఒకరి మీద మొత్తుకునేది. కృతజ్ఞతలు చెప్పిన కాగితం ఇదే మొదలు. ఆయనకు భయం వేసింది.

“ఇందుల ఏం కావాలని అడుగుతున్నవమ్మా?”

“ఏమద్దు సార్. వద్దనే రాసిన.”

“ఏమద్దంటే ఏ ఫైలుల పెట్టాలె? లోపటికొచ్చేందుకు పదకొండు ఫారాలున్నయి. బయటికి పోయేందుకు ఒక్కటే ఉన్నది, రాజీనామా ఫారం. ఒక పని చెయ్. సెలెక్షన్ అయినంక తొమ్మిది నెలలు ట్రైనింగ్ చెయ్, డ్యూటీల చేరు, తెల్లారి రాజీనామా ఇయ్యి. పని పద్ధతిగా అయితది.”

ఆ రోజు శనివారం. గడియారం మూడు దాటింది. ముద్ర బల్ల మీదే ఉంది, జానెడు దూరంలో. నాగరాణి మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ పద్ధతి కాదన్నారు. బయటికి వచ్చి వరండాలో కూలబడింది. భుజాన గొంగడితో అక్కడే కూర్చున్న బీరన్న సంగతంతా విన్నాడు. గొర్ల లోను, పాసుబుక్కు, పింఛను అంటూ ఆయన తిరగని ఆఫీసు లేదు.

“గంత సక్కగ రాస్తే ఎవ్వడు జూస్తడు బిడ్డా? ఇంకో కాయితం తియ్. నేన్ జెప్త, రాయి.”

నాగరాణి రాసింది. ‘మహారాజశ్రీ అయ్యగారి పాదములకు మొక్కి, గొర్లకాపరి కూతురును, దిక్కులేనిదానను, తెలియక దరఖాస్తు పెట్టి తప్పు చేసితిని. తమరు కనికరించి నా దరఖాస్తు తీసివేయించిన యెడల తమ పేరు చెప్పుకుని బతికెదను.’

అసిస్టెంటు గారు ఒక్కసారే చదివారు. ముఖం వికసించింది. “ఇప్పుడు మంచిగ రాసినవ్!” అంటూ విజ్ఞప్తుల ఫైలు తీసి కాగితం అందులో పెట్టారు, మేడం ఉత్తరం జిరాక్సు మీద ముద్ర గుద్దారు. ఇకముందు ఇట్లాంటి తప్పులు చేయవద్దని మందలించారు కూడా. పదిహేనేండ్ల చదువు చేయించలేని పనిని నాయిన నాలుగు ముక్కలతో చేయించాడు. నాగరాణికి నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. మొక్కి బయటపడింది.

తిరుగుదారిలో ఊరవతల చౌరస్తా దగ్గర పోలీసులు బండ్లు ఆపుతున్నారు. నాగరాణి హెల్మెట్ పెట్టుకుంది, వెనుక బీరన్నకూ పెట్టింది. లైసెన్సు చూపింది, ఆర్సీ చూపింది, ఇన్సూరెన్సు చూపింది. కానిస్టేబులు పట్టు వదలకుండా వెతికి, పొల్యూషన్ కాగితం గడువు నిన్ననే తీరిందని కనిపెట్టాడు. చలానా రాస్తుండగా వాళ్ల పక్కనుంచే విజేందర్ బండి పోయింది. ముగ్గురు మనుషులు, నెత్తిన టోపీ కూడా లేదు. కానిస్టేబులు స్టిక్కరు చూసి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. విజేందర్ చెల్లెలి వైపు జాలిగా చూస్తూ పోయాడు.

కానిస్టేబులుకూ జాలి కలిగింది. “డిపార్ట్‌మెంట్ల మీకు ఎవ్వల్లేరా పెద్దయ్యా?”

“పొద్దుగాల దాంక ఉండె సార్” అన్నాడు బీరన్న, కూతురి వైపు చూస్తూ.

నాగరాణి సోమవారం జడ్చర్లలో చేరింది. ఆమె దరఖాస్తు పద్ధతి ప్రకారం రద్దయింది. నలభైమూడు స్టిక్కర్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకుంటామని ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు. బీరన్న బెంచీ నాలుగో రోజున పోయింది. కందిచేన్లో గొర్లు పడితే తిట్లు మళ్లీ మొదలయ్యాయి.

ఇది చదివి ఎర్రగట్టుగూడెం ప్రజలను చూసి నవ్వుకుంటున్న పాఠక మహాశయులు ఒక్కసారి బయటికి పోయి, తమ బండి ముందు అద్దం చూసుకుని వచ్చి, మిగతా నవ్వు నవ్వుకోవలసిందిగా మనవి.