గంట పట్టీకి రెండు బెజ్జాలు

“తిప్పు! ఇంకా జోరుగ తిప్పు!” అని పాండురంగం అరుస్తున్నాడు. అతని భార్య ఇంద్రమ్మ అరగంటగా పిడి తిప్పుతూనే ఉంది. బెజ్జాల మిషను కింద ఇనుప పట్టీ కాలి పొగలు కక్కుతోందే తప్ప బెజ్జం పడటం లేదు. బెజ్జం వేసే బర్మా రుద్దిన చోట మాత్రం అద్దంలా నునుపెక్కింది.

షెడ్డు బయట ఏసుదాసు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆ సాయంత్రం నాలుగింటికి తాండూరు చర్చిలో అతని కూతురు సంతోషమ్మ పెళ్ళి. గంటను వేలాడదీసే పట్టీ నిన్ననే విరిగింది. కొత్త పట్టీకి రెండు బెజ్జాలు పడితేనే గంట మోగేది.

“గంట లేని పెండ్లా అని వియ్యంపులు మొకం మీదనే అంటరు సారూ!”

“ఫికర్ చెయ్యకు. నేనున్న గద!”

పాండురంగం రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. బాగున్న వస్తువును బాగుచేయడం అతని సరదా. వికారాబాదులో చంద్రప్ప దుకాణంలో చవగ్గా కొన్న ఈ చేతి మిషను నిన్నటిదాకా చక్కగానే పనిచేసింది. నిన్న సాయంత్రం నూనె పెడతానని దాన్ని మొత్తం ఊడదీశాడు. కుడివైపున ఉండాల్సిన పళ్ళచక్రాన్ని ఎడమవైపున బిగించాడు. ఇంద్రమ్మ కళ్ళారా చూసింది.

“జర ఇనుండ్రి. నిన్న మీరు చక్రం...”

“తిప్పమంటే తిప్పు! మిషన్ల సంగతి నీకేమెర్క?”

మొదట తప్పు ఇంద్రమ్మ చేతులదన్నాడు. రాత్రి తిన్న జొన్నరొట్టెలు ఎటు పోయాయని నిలదీశాడు. తరువాత తప్పు పక్కింటి నర్సప్పదన్నాడు, నూనె తెచ్చి ఇచ్చింది అతనే గనుక. నర్సప్ప ఆ నూనెను వేలితో తీసి నాకి మరీ చూపించాడు. ఇక మిగిలింది చంద్రప్ప.

“మొద్దు బర్మా అంటగట్టిండు! నర్సప్పా, పది గంటల బండికి పొయ్యి వాన్ని పట్టుకరా!”

నర్సప్ప తన మీద పడ్డ నింద కడుక్కోవాలి కదా, బండి ఎక్కగానే కథ మొదలుపెట్టాడు. ధారూర్ స్టేషన్ వచ్చేసరికి ఆ కథలో చంద్రప్ప మిషను వల్ల ఒక పెళ్ళి ఆగిపోయింది. వికారాబాదులో దిగేసరికి పెళ్ళికూతురు అన్నం మానేసింది. ఆ కథ విని ముగ్గురు మనుషులు తాము కొన్న సుత్తెలు వాపసు ఇవ్వడానికి చంద్రప్ప దుకాణానికి వచ్చారు.

మధ్యాహ్నం బండిలో చంద్రప్ప నిప్పులు కక్కుతూ దిగాడు. స్టేషన్లోనే పాండురంగం ఎదురయ్యాడు.

“నా మాల్‌ను బద్నాం చేస్తవా? మిషన్ ఎవలన్న ఊడదీసిండ్రా?”

“ఒక్కడు ముట్టలే! తప్పెవనిదో, వాని పేరు చర్చి ముంగట పెండ్లిజనం అందరు ఇనేటట్టు చెప్పిస్త!”

“మాట మీద ఉండాలె మరి!”

ఇక్కడ షెడ్డులో, మొగుడు స్టేషనుకు పోగానే ఇంద్రమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. “ఏసుదాసన్నా, పట్టీ గట్టిగ పట్టుకో,” అని పిడిని వెనక్కి తిప్పింది. బర్మా కింద నుంచి ఇనుప తునకలు చుట్టలు చుట్టుకుంటూ లేచాయి. రెండు బెజ్జాలూ పడగానే పట్టీ తీసుకుని ఇద్దరూ చర్చికి బయలుదేరారు.

పాండురంగం, చంద్రప్ప తిట్టుకుంటూ బజారు దాటుతుండగా చర్చి గంట మోగింది. ఇద్దరూ అటు పరుగెత్తారు.

“ఎట్లయ్యింది?” అన్నాడు చంద్రప్ప.

“చక్రం ఉల్టా బిగించిండ్రు. ఉల్టా తిప్పితే సీదా అయ్యింది,” అంది ఇంద్రమ్మ.

“బిగించిందెవలు?”

పాండురంగం దగ్గాడు. “అయ్యిందేదో అయ్యింది. పెండ్లి యాళ్ళయితుంది...”

“గట్లెట్ల? పేరు చెప్పిస్తనన్నది నువ్వే!”

పెళ్ళివారు చుట్టూ మూగారు. పాండురంగానికి ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంద్రమ్మ భర్త పేరు పలికి ఎరగదు. ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా నర్సప్పతోనే చెప్పించింది.

“చెప్పు, ఎవలో పేరు పెట్టి చెప్పు!” అన్నాడు ఛాతీ విరుచుకుని.

ఇంద్రమ్మ నొప్పెడుతున్న భుజాన్ని ఒకసారి నిమురుకుంది.

“ఏసుదాసన్నా, జర గంట ఆపమను,” అంది.

గంట ఆగింది.

“పాండురంగం,” అంది ఇంద్రమ్మ.