వరద మింగిన పదో తరగతి

ఆ ఉదయం సోషల్ మాస్టారు అనుకున్న పని చిన్నదే. నగరం అంచున ఉన్న ఆ ప్రభుత్వ హైస్కూలుకు యాభై ఏళ్లు నిండాయి గనుక దాని చరిత్ర ఎనిమిది పేజీల్లో రాయాలి. అందులో లెక్కల మాస్టారి పేరు లేకుండా చూడాలి.

ఇద్దరూ ఆ బడిలోనే, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. పదో తరగతిలో లెక్కలాయన బడికి ఫస్టు. ఆయన పేరు రాసిన బోర్డు ముప్పై ఏళ్లుగా వరండాలో వేలాడుతోంది. ఈయన రెండోవాడు. రెండోవాడికి బోర్డుండదు. పన్నెండొందల మంది పిల్లలు రోజూ ఆ బోర్డు కిందుగా నడుస్తుంటే ఈయన కడుపులో కుంపటి రాజుకునేది.

ఒక్క పేరు తీసేస్తే ఎవరైనా పట్టేస్తారు. అందుకని ఆ ఏడాదినే తీసేశారు. "ఆ ఏడు వరదల వల్ల పదో తరగతి పరీక్షలు జరగలేదు" అని రాసి, గోడలకు సున్నం వేయించే వంకతో బోర్డును ల్యాబు వెనక గదిలో పడేయించారు.

హెడ్మిస్ట్రెస్ చదివి కళ్లజోడు తీశారు.

"ఇంత వరదొస్తే నాకెవరూ చెప్పలేదేంటండీ!"

"చరిత్ర ఎవడిక్కావాలి మేడమ్!"

అంత వరదను తట్టుకుని నిలిచిన బడి మాది అని ఆవిడ వెంటనే విద్యాధికారికి ఉత్తరం రాశారు. పైకప్పు కారుతోందని పదేళ్లు మొత్తుకున్నా పలకని ఆఫీసు, రాని వరదకు మూడో రోజే పలికింది. అధికారి స్వయంగా వస్తున్నారు! తొమ్మిదో తరగతి పిల్లలు నాటకం కట్టారు. నాటకానికి హీరో కావాలి కదా, అప్పటి క్లాస్ లీడరెవరని పాత రిజిస్టర్లు తిరగేశారు. లెక్కల మాస్టారు.

"సార్, మీరెంతమందిని కాపాడారు?"

"నేనా? నాకసలు ఆ వరదే గుర్తులేదర్రా."

"చూశారా, ఎంత అణకువో!" అని హెడ్మిస్ట్రెస్ కళ్లొత్తుకున్నారు.

సభ రోజున ఒక పొట్టి పిల్ల లెక్కల మాస్టారి మీసం అంటించుకుని, నీలం దుప్పటిలోంచి ఆరుగురిని ఈడ్చి ఒడ్డున పడేసింది. చప్పట్లు ఆగలేదు. లెక్కలాయన వద్దు వద్దంటున్నా అధికారి పతకం చేతిలోకి తీసుకున్నారు. సోషల్ మాస్టారికి ఒళ్లు మండిపోయింది. తాను పుట్టించిన వరదలో కూడా వాడే తేలాడు! వెళ్లి మైకు లాక్కున్నారు.

"నేనూ ఆ క్లాసే సార్! వీడి పక్కనే కూర్చునేవాణ్ణి!"

అధికారి చెయ్యి గాల్లో ఆగింది.

"అంటే ఇద్దరూ పరీక్ష రాయలేదు. మరి పది పాసవకుండా మీకీ ఉద్యోగాలెలా వచ్చాయండీ? విచారణ వెయ్యాల్సిందే."

"చరిత్ర రాసింది వీడే సార్, వీణ్ణే అడగండి" అన్నారు లెక్కలాయన, చల్లగా.

"రాశాం సార్! పరీక్షలు జరిగాయి! ఆధారం ఉంది!"

సోషల్ మాస్టారు ల్యాబు వెనక గదికి పరుగెత్తారు. ఆ బోర్డును తన నెత్తిన పెట్టుకుని తెచ్చారు. తన రుమాలుతోనే దుమ్ము తుడిచారు. మైకులో చదివారు.

"ఆ ఏడు బడికి ఫస్టు..." అని, ఆ వెంటనే లెక్కల మాస్టారి పేరు.

"వెనక్కి వినబళ్లేద్సార్!" అని పిల్లలు.

మళ్లీ చదివారు, గట్టిగా.

"సరే, ఆయన రాశారు. మీరు రాశారనడానికి ఆధారం?" అన్నారు అధికారి.

లెక్కలాయన లేచి సోషల్ మాస్టారి భుజం మీద చెయ్యేశారు. "నేను సాక్షి సార్. నా పక్కనే రాశాడు. ఒక్క మార్కుతో పోగొట్టుకున్నాడు, పాపం."

ఆ 'పాపం' పన్నెండొందల మందికీ స్పష్టంగా వినబడింది.

చరిత్ర మళ్లీ అచ్చయింది. వరద పోయింది, మొదటి పేజీ నిండా బోర్డు ఫోటో వచ్చింది, దాని కింద చిన్న అక్షరాల్లో సోషల్ మాస్టారు కూడా చరిత్రకెక్కారు: 'బోర్డు మోసినవారు.'