తిరగబడ్డ ఐదు పలకలు

హనె నది పొంగి మిజుసె బేస్‌బాల్ మైదానంలో జొరబడిన ఏడాది నుంచి లెక్కేస్తే అది మూడో ఏడు. ఆ వరదలో బ్యాట్లు పోయాయి, బంతులు పోయాయి, ప్రెసిడెంటు గారి కుర్చీ సముద్రం దాకా పోయిందని చెప్పుకున్నారు. పేరు పలకలు మాత్రం దొరికాయి. బురదలో చేతులు పెట్టి వాటిని ఒక్కొక్కటే ఏరి తెచ్చినవాడు గెంజిరో. నీళ్ళు తాగిన చెక్క కాబట్టి అప్పటినుంచీ వానలు మొదలవగానే ఏటా పలకలకు బూజు పట్టేది. ఏరి తెచ్చినవాడే కదా అని బూజు తుడిచే పనీ అతనికే వచ్చింది.

గెంజిరో మిజుసె నీటికాకుల జట్టుకు సామాను చూసే మనిషి. అరవై దాటాయి. అందరూ గౌరవంగా గెన్ సాన్ అంటారు. చదివింది మూడో తరగతి. మాట్లాడేది అంతకన్నా తక్కువ.

మేనేజరు గది ముందు గోడకు ఒక బోర్డు ఉంది. దాని మీద మేకులకు మొదటి జట్టు ఆటగాళ్ళ పలకలు ఇరవై తొమ్మిది, వాటి పైన ఒంటరిగా మేనేజరు పలక. ఆటగాడిని రెండో జట్టుకు పంపాలనుకుంటే మేనేజరు ఇవబూచి వాడి పలకను పేరు గోడవైపు, ఖాళీ వీపు బయటికి ఉండేలా తిప్పి వెళ్ళిపోతాడు. అంతే. పలక తిరిగినవాడు బోర్డుకు వంగి నమస్కరించి, సంచీ సర్దుకొని, కొండ అవతలి మైదానానికి బస్సెక్కాలి. వాడి పేరున్న కాగితం లీగ్ ఆఫీసుకు చేరిందంటే పది రోజుల దాకా తిరిగి రావడం ఉండదు. ఎందుకు పంపారని ఎవరూ అడగరు. పదకొండేళ్ళ కిందట ఒకడు అడిగాడు. వాడి గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

ఆ జూన్‌లో నీటికాకులు వరుసగా ఏడు ఆటలు ఓడిపోయారు. ఎవరిదో ఒకరి పలక తిరుగుతుందని అందరికీ తెలుసు. ఎనిమిదో ఆటకు ముందు రోజు సాయంత్రం ముసలి క్యాచర్ ఉత్సుమి తన గ్లవ్ తాడు బిగించుకోవడానికి గెంజిరో దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. ఆట మొదట్నుంచి ఆడే రోజులు పోయి, ఇప్పుడు బెంచీ మీద చివరి చోటు అతనిది.

"ఈసారి పలక తిరిగితే మానేస్తానని మా ఆవిడ కజుయోకి మాటిచ్చాను గెన్ సాన్. ఇంక ఆమె టోఫూ కొట్లో సోయా ముక్కలు వేయిస్తూ నూనె బాణలి దగ్గర నిలబడ్డమే."

గెంజిరో తాడు లాగాడు.

"ఈ ఏడు నాకు ఒక్క బంతీ తగల్లేదు. ఒక్కటి తగిలాక వెళ్ళిపోతే బాగుండు. ఏమంటారు?"

గెంజిరో ముడి రెండుసార్లు వేశాడు, ఇంకా చాలా కాలం వాడే గ్లవ్‌కు వేసినట్టు.

మర్నాడు పొద్దున వారం రోజుల తరువాత ఎండ వచ్చింది. గెంజిరో అనుకున్నది చిన్న పని. పలకలు తీసి, వెనిగర్ గుడ్డతో తుడిచి, ఆటగాళ్ళ బెంచీ పైనున్న కప్పు మీద ఆరబెట్టి, మేనేజరు వచ్చేలోగా తగిలించేయాలి. మేనేజరు పదకొండింటికి తప్ప రాడు. తొమ్మిదికల్లా ముప్పై పలకలూ ఎండలో వరుసగా పడుకున్నాయి. ముందువైపు తుడిచి ఆరబెట్టాడు, తిరగేసి వెనకవైపు తుడిచాడు. అప్పుడు మబ్బు కమ్మింది.

పలకలన్నీ చేతుల్లో పొదువుకొని పరిగెత్తుకొచ్చి తగిలించాడు. ఇరవై ఐదు పలకలు ఆరిపోయాయి. గోడనీడలో ఉన్న ఐదింటికి మాత్రం వెనక ఇంకా తడి ఉంది. తడివైపు గోడకు ఆనితే రాత్రికల్లా మళ్ళీ బూజు. అందుకని ఆ ఐదింటినీ వీపు బయటికి పెట్టి తగిలించాడు. పది నిమిషాలు గాలి తగిలితే చాలు. ఈలోగా బ్యాట్లు లోపల పెట్టొద్దామని వెళ్తే, మైదానం మీద పట్టా కప్పేవాళ్ళు "గెన్ సాన్, ఒక చెయ్యి వెయ్యండి" అని కేకేశారు. ఆ పట్టా బరువుకు పది నిమిషాలు గంటయ్యాయి.

అతను తడిసి ముద్దై తిరిగొచ్చేసరికి బోర్డు ముందు పెద్ద కోచ్ తొకునాగా చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. అతని చూపు పై మేకు మీద ఉంది. ఆ ఐదింటిలో ఒకటి మేనేజరు పలక.

గెంజిరో దాన్ని సరిచేయడానికి చెయ్యి చాచాడు. తొకునాగా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకండి గెన్ సాన్. అది మేనేజరు గారి నిర్ణయం. పొద్దున్నే ఎవరూ చూడకుండా వచ్చి తిప్పి వెళ్ళాడు. నలుగుర్ని పంపిస్తూ, వాళ్ళతోపాటు తన పలక కూడా తిప్పుకున్నాడు. ఏడు ఓటముల భారం నెత్తిన వేసుకున్నాడు. మనిషంటే అలా ఉండాలి."

"అది కాదండి, తడి..."

"నా కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఉండనివ్వండి." తొకునాగా జేబులోంచి కాగితం తీసి నలుగురి పేర్లూ రాసుకొని, ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈలోగా ఆటగాళ్ళు రావడం మొదలైంది. అసలు గెంజిరో ఒక్క క్షణం దొరికితే పలకలు తిప్పేసేవాడే. కాని బోర్డు ముందు గుంపు చేరింది. అందరూ చూస్తుండగా పలక తిప్పే హక్కు మిజుసెలో ఒక్కరికే ఉంది.

ఆ రోజు బంతి వేయవలసిన కుర్రవాడు తన పలక వీపు చూసి, జుట్టు పెంచుకున్నందుకే ఇది అని తేల్చుకొని, స్నానాల గదికి వెళ్ళి పది నిమిషాల్లో నున్నగా గుండు చేసుకొని వచ్చాడు. ఇంకొకడు కిందటి నెల స్నానాల గదిలో గొట్టం విరగ్గొట్టింది తానేనని, ఎవరూ అడగకుండానే ఒప్పుకున్నాడు. మూడోవాడు బస్సు వేళలు చూసుకున్నాడు.

ఉత్సుమి మాత్రం బోర్డు ముందు చాలాసేపు వంగి ఉన్నాడు. లేచాక తన గ్లవ్ తీసి, పక్కనున్న కుర్ర క్యాచర్ సెనో చేతిలో పెట్టాడు. "తాడు నిన్ననే బిగించారు. నీకు ఏళ్ళ తరబడి పనికొస్తుంది" అన్నాడు.

గెంజిరో గుంపులోంచి దూరి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఉత్సుమీ, విను..."

"వద్దు గెన్ సాన్, ఏం చెప్పొద్దు. పదహారేళ్ళలో మీ అంతట మీరు నాతో మాట మొదలుపెట్టింది ఇదే మొదటిసారి. ఇప్పుడు వింటే నేను తట్టుకోలేను."

అని ఫోను దగ్గరికి వెళ్ళాడు. తలుపు సందులోంచి మాటలు వినిపించాయి. "ఆఁ, తిరిగింది... లేదు, బానే ఉన్నాను... ఈ సాయంత్రం అందరికీ వేయించిన టోఫూ తీసుకురా, చివరిసారి కదా... ఏడవట్లేదు, జలుబు."

పదకొండింటికి మేనేజరు ఇవబూచి వచ్చాడు. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. బోర్డు చూశాడు, పై మేకు చూశాడు. మొహంలో ఏమీ కదల్లేదు. జట్టు ప్రెసిడెంటు మియోషి ఆ రోజు వస్తున్నట్టు ముందు రోజే కబురు వచ్చింది. ఏడు ఓటముల తరువాత ప్రెసిడెంటు ఎందుకు వస్తాడో ఇవబూచికి తెలుసు. రాకముందే పలక తిప్పించాడన్నమాట అనుకున్నాడు. "ఊఁ" అని లోపలికి పోయాడు.

గెంజిరో టీ పట్టుకొని వెనకే వెళ్ళాడు. ఇవబూచి అప్పటికే తన టీ గిన్నెను పాత పేపరులో చుడుతున్నాడు. గెంజిరో తలుపు మూసి, ఊపిరి పీల్చుకొని, ఈసారి మధ్యలో ఎవరూ అందుకోకుండా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"మేనేజరు గారూ, ఆ పలకలు తిప్పింది నేనండి."

ఇవబూచి తలెత్తాడు. "నువ్వా?"

"అవునండి."

"నీ చేత తిప్పించారా." ఇవబూచి తల పంకించాడు. "వరదలో ఏరి తెచ్చినవాడి చేతే. పెద్దవాళ్ళు ఎంతకైనా తెగిస్తారు. నీ తప్పు లేదు గెన్ సాన్."

అని లేచి గెంజిరోకు వంగి నమస్కరించాడు. తన జన్మలో మేనేజరు తనకు నమస్కరించడం గెంజిరో చూడలేదు. గాభరాగా ఇంకా కిందికి వంగాడు. ఇవబూచి అంతకన్నా కిందికి వంగాడు. ఇద్దరూ అలా బల్ల ఎత్తుకు దిగేసరికి తొకునాగా కాగితం పట్టుకొని వచ్చాడు. చేతనున్న చివరి పని అనుకొని ఇవబూచి దాన్ని చదవకుండానే ముద్ర వేసి ఇచ్చాడు. చదవని ముద్రను తొకునాగా మహా ధైర్యం అనుకున్నాడు.

బయట వసారాలో తొకునాగా ఆగాడు. ఆఫీసులో ఫ్యాక్స్ చూసే అమ్మాయి భోజనానికి వెళ్ళింది. గుండు కుర్రవాడు స్నానాల గదిలో కూర్చొని బయటికి రానంటున్నాడని ఎవరో వచ్చి చెప్పారు.

"గెన్ సాన్, ఇది మీరే పంపేయండి. లీగ్ ఆఫీసు నంబరు ముందే పెట్టి ఉంటుంది, పచ్చ మీట నొక్కడమే. రాసిన వైపు కిందికి పెట్టాలి. కిందికి. గుర్తుంటుందా? మూడింటి లోపల చేరకపోతే ఎవర్నీ మార్చడానికి ఉండదు."

గెంజిరో తల ఊపాడు.

ఫ్యాక్స్ ముందు కాగితం పట్టుకొని కాసేపు నిలబడ్డాడు. పొద్దున్నుంచి మూడుసార్లు నోరు తెరిచాడు. ఒకరికి అది కన్నీళ్ళ సంగతిలా వినిపించింది, ఒకరు వినలేదు, ఒకరు మొత్తం విని ఇంకేదో అర్థం చేసుకున్నారు. కాగితంలో ఉత్సుమి పేరు మూడోది. గెంజిరో దాన్ని ఒక్కసారి చూసి, పలకను తిప్పినట్టే తిప్పి, రాసినవైపు పైకి పెట్టి, పచ్చ మీట నొక్కాడు. ఖాళీ వీపు బుద్ధిగా లోపలికి వెళ్ళింది.

మూడు దాటాక ప్రెసిడెంటు మియోషి వచ్చాడు. కోటు లోపలి జేబులో ఇవబూచిని తీసేస్తున్న ఉత్తరం ఉంది. ఆఫీసులో అడుగు పెట్టగానే ఫోను మోగింది. ఎత్తేవాళ్ళు లేక తనే ఎత్తాడు.

"లీగ్ ఆఫీసండి. మీ దగ్గర్నుంచి తెల్ల కాగితం వచ్చింది. ఈ రోజు మార్పులేమీ లేవనే కదా? మేము అలాగే రాసుకున్నాం."

మియోషికి ఏమీ తెలియదు. తెలియదని లీగ్ వాళ్ళకు ఎలా చెప్పడం. "అంతే" అని పెట్టేసి వసారాలోకి వచ్చాడు. అక్కడ బోర్డు. నాలుగు పలకలు వీపు చూపిస్తున్నాయి, వాటి పైన మేనేజరు పలక కూడా. పక్కనే తొకునాగా.

"ఇదంతా ఏమిటి తొకునాగా?"

తొకునాగా మనస్ఫూర్తిగా చెప్పాడు. ఓటమి భారం మేనేజరు గారు తన మీద వేసుకున్నారనీ, నలుగురితోపాటు తన పలకా తిప్పుకున్నారనీ.

"కానీ లీగుకి వెళ్ళింది తెల్ల కాగితమే." మియోషి గొంతు మెత్తబడింది. "అంటే ఆ నలుగుర్ని పంపబోయి, మనసొప్పక, తనొక్కడే పోవాలనుకున్నాడు."

తొకునాగా నోరు తెరిచాడు. ఫ్యాక్స్ గుర్తొచ్చింది, గెంజిరో మూడో తరగతి చదువు గుర్తొచ్చింది, తన పని ఇంకొకరికి అప్పగించింది గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

మియోషి జేబులోని ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. "ఇవబూచి గారూ, నాకంతా అర్థమైంది. ఈ ఏడే కాదు, వచ్చే ఏడు కూడా మీరే ఉండాలి."

ఇవబూచికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఊఁ" అన్నాడు. పేపరు విప్పి టీ గిన్నె బయటికి తీశాడు.

నలుగురినీ వెనక్కి పిలిచారు. వాన కూడా తెరిపిచ్చింది. గుండు కుర్రవాడికి టోపీ వదులై బంతి బంతికీ కళ్ళ మీదికి జారింది. బంతి ఎటు వెళ్తుందో అతనికే తెలియకపోతే ఎదుటివాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఆటలో చివరిదైన తొమ్మిదో వంతు దాకా రెండు జట్లూ సమంగా ఉన్నాయి. చివరికి నీటికాకులవాళ్ళు మూడు బేసుల మీదా ముగ్గురు నిలబడ్డారు. ఇంకొక్కడు ఎలాగైనా మొదటి బేసు చేరితే ముందువాళ్ళు తలా ఒక బేసు జరిగి ఒక పరుగు వస్తుంది, గెలుపే. ఇవబూచి బెంచీ వైపు చూశాడు. ఉత్సుమి సర్దిన సంచీ ఒళ్ళో పెట్టుకొని, బస్టాపులో కూర్చున్నట్టు కూర్చొని ఉన్నాడు. ఇవబూచి వేలు అతని మీద ఆగింది.

ఉత్సుమి సంచీ సెనోకు ఇచ్చి బ్యాటు పట్టుకొని వెళ్ళాడు. మొదటి బంతే అతని మీదికి దూసుకొచ్చింది. తప్పుకోవడానికి వెనక్కి తిరిగాడు. ఆ ఏడు అతనికి తగిలిన మొదటి బంతి అది. బ్యాటుకు కాదు, పిరుదుకు. దెబ్బ తిన్నవాడికి బేసు ఇచ్చి తీరాలి కాబట్టి నీటికాకులు గెలిచారు.

టోఫూ బుట్టతో వచ్చిన కజుయో, దెబ్బ తడుముకుంటూ కుంటుతున్న మొగుడిని చూసింది. "పలక తిరిగిందన్నావు."

"తిరిగింది. మళ్ళీ ఏదో అయింది. నాకూ తెలీదు. కానీ మాట మాటే, కొట్టుకి వచ్చేస్తాను."

"ఆ దెబ్బతో కొట్లో కూర్చుంటావా, బరువులెత్తుతావా? ఏడాది చివరి దాకా ఇక్కడే పడి ఉండు. ఇక్కడైతే డాక్టరు ఊరికే వస్తాడు."

ఉత్సుమి బోర్డు దగ్గరికి వెళ్ళి తన పలకను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెనిగర్ వాసన. గెంజిరో వైపు తిరిగి చూశాడు. గెంజిరో బంతులు లెక్కపెడుతున్నాడు. ఉత్సుమి ఆరు టోఫూ ముక్కలు ఆకులో చుట్టి అతని పక్కన పెట్టి వెళ్ళాడు.

ఇంటికి వెళ్తూ ఇవబూచి గెంజిరో ముందు ఆగాడు. గెలిచిన రోజు ఏం చేశారో మర్నాడూ అదే చేయాలనేది అతని పద్ధతి. ఒకసారి గెలిచాక పన్నెండు రోజులు సాక్సు మార్చలేదు.

"రేపు కూడా ఆ ఐదూ అలాగే తిప్పు" అన్నాడు.

మర్నాడు పొద్దున గెంజిరో సిరా, కుంచె తెచ్చుకొని బోర్డు ముందు కూర్చున్నాడు. ముప్పై పలకలూ దించి, ముందువైపు అక్షరాలు చూసి చూసి, అవే పేర్లు వెనకవైపు కూడా రాశాడు. ఆరాక చెప్పినట్టే ఐదింటినీ తిప్పి తగిలించాడు.

ఆ తరువాత మిజుసెలో ఎవరినైనా కిందికి పంపాలంటే ఇవబూచి నోరు తెరవక తప్పలేదు.